నేల ఎవరిది? చిన్న ట్యాంకులో డ్వార్ఫ్ సిక్లిడ్ల పొత్తు

అందరికీ నమస్కారం. చేపల గురించి వినడానికి ఇంతమంది వచ్చి కూర్చున్నందుకు చాలా సంతోషంగా ఉంది.

నన్ను ఎక్కువమంది అడిగేది ఒకటే ప్రశ్న. "ఈ చేపకి ఆ చేపతో పడుతుందా?" అని. రామ్‌కి కోరీతో పడుతుందా, అపిస్టోకి రామ్‌తో పడుతుందా, క్రిబ్‌ని నియాన్‌లతో వేయొచ్చా. ఇందులో కోరీ అంటే అడుగున తిరిగే చిన్న క్యాట్‌ఫిష్, నియాన్ అంటే పైన గుంపుగా ఈదే చిన్న టెట్రా చేప, మిగతావి డ్వార్ఫ్ సిక్లిడ్లు. నేనూ చాలా ఏళ్ళు ఇలాగే అడుగుతూ వచ్చాను. ఇవాళ మాత్రం ఆ ప్రశ్నని కాసేపు పక్కన పెట్టమని కోరతాను. డ్వార్ఫ్ సిక్లిడ్ల విషయంలో ముందు అడగాల్సింది వేరే ఉంది: ఈ ట్యాంకులో నేల ఎంత, అందులో ఎవరి వాటా ఎంత?

డ్వార్ఫ్ సిక్లిడ్లంటే ఏవో మీలో చాలామందికి తెలుసు. సిక్లిడ్ కుటుంబంలో సుమారు పది సెంటీమీటర్లు దాటని చిన్నవాటిని అలా పిలుస్తున్నాం. దక్షిణ అమెరికా నుంచి రామ్‌లు, మనం అపిస్టోలని పిలిచే అపిస్టోగ్రామాలు, లేటకారాలు. పశ్చిమ ఆఫ్రికా నుంచి క్రిబ్‌లు. ఒళ్ళు చిన్నదే గానీ బుద్ధి మాత్రం పెద్ద సిక్లిడ్‌దే. గుడ్లు పెట్టేసి తన దారిన తాను పోయే చేప కాదిది. చోటు చూసుకుంటుంది, శుభ్రం చేసుకుంటుంది, గుడ్లని, పిల్లల్ని కంటికి రెప్పలా కాచుకుంటుంది. వీటి మీద మనకి అంత ప్రేమ కలిగేది అందుకే. ట్యాంకులో గొడవలు మొదలయ్యేదీ అందుకే.

టెట్రాకి ఈదడానికి నీళ్ళుంటే చాలు. సిక్లిడ్‌కి ఆ నీళ్ళ అడుగున తనది అనుకోడానికి చోటు కావాలి. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు ఉన్న ట్యాంకు తీసుకోండి. ముప్ఫై సెంటీమీటర్ల ఎత్తు నింపితే 54 లీటర్లు. లీటర్లు చూస్తే పర్వాలేదనిపిస్తుంది. కానీ దాని నేల, దినపత్రిక ఒక్క పేజీ పరిస్తే ఎంతో అంతే. గుడ్లు పెట్టిన అపిస్టో ఆడచేప తన గూడు చుట్టూ జానెడు, ఒక్కోసారి జానెడున్నర మేర ఎవర్నీ రానివ్వదు. ఆ లెక్కన మీ దినపత్రికలో సగానికి పైగా దానిదే. మిగతా చేపలన్నీ మిగిలిన ముక్కలో సర్దుకోవాలి. ఎత్తు ఎక్కువున్న ట్యాంకు కొంటే ఈ సమస్య తీరదు. పది సెంటీమీటర్ల ఎత్తు కన్నా పది సెంటీమీటర్ల పొడవు ఎన్నో రెట్లు ఉపయోగం.

నా మొదటి కాకటూ జత సంగతి చెబుతాను. అపిస్టోగ్రామా కాకటూయిడిస్. మగచేప వీపు రెక్కలో ముందున్న ముళ్ళు కాకటూ చిలక జుట్టులా నిక్కబొడుచుకుని ఉంటాయి, అందుకే ఆ పేరు. అరవై సెంటీమీటర్ల ట్యాంకులో ఒక మగది, ఒక ఆడది, పైన పది నియాన్‌లు, అడుగున ఆరు కోరీలు. అమ్మినాయన ఇవన్నీ హాయిగా కలిసి ఉంటాయని చెప్పాడు. మూడు నెలలు నిజంగానే ఉన్నాయి. ఒకరోజు పొద్దున లైటు వేసేసరికి, అంతవరకు బూడిద రంగులో ఉన్న ఆడచేప నిమ్మపండు రంగులోకి మారిపోయింది. ఒంటి మీద నల్లచార, పొట్ట కింద రెక్కలు కాటుక పెట్టినట్టు నల్లగా. కొబ్బరి చిప్ప లోపల, పైకప్పుకి తలకిందులుగా గుడ్లు అంటించి పెట్టింది. ఆ సాయంత్రానికి దానికంటే ఒకటిన్నర రెట్లు పెద్దదైన మగచేప పైమూల హీటర్ వెనక చేరి, రంగు వెలిసిపోయి, రెక్కలు ముడుచుకుని నిలబడింది. కిందికి దిగితే చాలు, ఆడది బాణంలా వచ్చి పొడిచేది.

మగచేపని అదే రోజు తీసి వేరే ట్యాంకులో వేశాను, బతికింది. కోరీల సంగతి నాకు తట్టలేదు. నియాన్‌ని సిక్లిడ్ ఒక్క చూపు చూస్తే పక్కకి తప్పుకుంటుంది. కోరీకి ఆ భాష రాదు. ఒంటి మీద గట్టి పలకలున్నాయి, ఒకటి రెండు పోట్లు దానికి లెక్క కాదు. ఇసుకలో మూతి పెట్టి వెతుక్కుంటూ మళ్ళీ మళ్ళీ ఆ చిప్ప దగ్గరికే వచ్చేది. ఒంటి మీద పొడిస్తే కదలట్లేదని ఆడచేప మెత్తగా ఉన్నచోట పొడవడం మొదలుపెట్టింది. మూడోరోజు ఒక కోరీకి కన్ను పోయింది. ఆ రాత్రే చీకట్లో మిగతా కోరీలు గుడ్లు కూడా తినేశాయి. రెండు పక్షాలూ నష్టపోయాయి. అందులో ఏ చేప తప్పూ లేదు. ఆ కోరీ ఒంటి కన్నుతోనే చాలాకాలం బతికింది. రోజూ మేత వేసేటప్పుడు దాని వైపు చూసి బాధపడేవాణ్ణి.

"పడుతుంది" అనే మాటకి అర్థం ఆరోజు తెలిసింది. గుడ్లు పెట్టనంతవరకు చాలా చేపలతో పడుతుంది. గుడ్లు పెట్టాక నేల మీద తిరిగే దేనితోనూ పడదు. ఆరోగ్యంగా ఉన్న డ్వార్ఫ్ సిక్లిడ్ జత ఏదో ఒకరోజు గుడ్లు పెట్టి తీరుతుంది కాబట్టి, ట్యాంకుని ఆ రోజుని మనసులో పెట్టుకునే సర్దాలి.

ఇక నీళ్ళ సంగతి. నేల సరిపోయినా నీళ్ళ వేడి కలవకపోతే పొత్తు కుదరదు. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

రామ్ అంటే మామూలుగా నీలిరంగు రామ్. దాని సొంత చోటు ఒరినోకో నదీ ప్రాంతంలోని వేడి గడ్డి మైదానాలు, వెనెజులాలో, కొలంబియాలో. 1948లో మయర్స్, హ్యారీ అనే శాస్త్రవేత్తలు దీన్ని అపిస్టోగ్రామాల్లో చేర్చి వర్ణించారు. తర్వాత మైక్రోజియోఫేగస్ అనే వేరే ప్రజాతిలోకి మార్చారు. అంటే చిన్న మట్టితిండి చేప అని. ఈ చేపకి 27 నుంచి 30 డిగ్రీల వేడి, మెత్తటి నీళ్ళు, అంటే లవణాలు తక్కువున్న నీళ్ళు కావాలి. 24 డిగ్రీల్లో పెడితే వెంటనే చావదు. నెమ్మదిగా నీరసిస్తుంది, మేత తగ్గిస్తుంది, ఏదో ఒక జబ్బు వచ్చి పోతుంది. "రామ్‌లు నాకు అచ్చిరావండీ" అని ఎవరైనా అంటే నేను మొదట అడిగేది థర్మామీటర్ ఎంత చూపిస్తోందని, రెండోది ట్యాంకు పెట్టి ఎన్నాళ్ళయిందని. కొత్త ట్యాంకులో ఫిల్టర్ బాక్టీరియా కుదురుకోడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేపల వ్యర్థాల నుంచి పుట్టే విషాలు అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చి, ఆపైన మొక్కలు వేళ్ళూని, ట్యాంకు ఒక దారిలో పడ్డాకే రామ్‌ని తేవాలి. అంత అందమైన చేపని చూశాక ఆగడం కష్టమే. అయినా ఆగాలి.

దీని దగ్గరి బంధువు బొలీవియన్ రామ్. బొలీవియా, బ్రెజిల్‌లలో మమోరే, గ్వాపోరే నదుల వైపు చేప. రంగులు కాస్త తక్కువ, ఒళ్ళు కాస్త పెద్దది, ఏడెనిమిది సెంటీమీటర్లు. 24, 25 డిగ్రీల్లో హాయిగా ఉంటుంది. మొదటిసారి పెంచేవాళ్ళకి నేను నీలిరంగు రామ్ కన్నా దీన్నే ఇవ్వమంటాను. మేత వేసే మనిషిని గుర్తుపట్టి అద్దం దగ్గరికి వచ్చి నిలబడుతుంది. కొన్నాళ్ళకి రంగుల లోటు మర్చిపోతారు.

అపిస్టోల్లోనూ తేడాలున్నాయి. బొరెల్లీ పరాగ్వే నది వైపు నుంచి వచ్చింది, చల్లదనాన్ని బాగా తట్టుకుంటుంది. కాకటూయిడిస్ పెరూ వైపు అమెజాన్ చేప, ట్యాంకుల్లో తరతరాలుగా పుట్టినవి పీహెచ్ 7 దాటిన, అంటే కాస్త క్షారపు నీళ్ళలో కూడా సర్దుకుంటాయి. అగాసిజీకి మెత్తటి నీళ్ళు ఇష్టం. కాబట్టి వేడి రామ్‌ని, చల్లటి బొరెల్లీని ఒక ట్యాంకులో పెట్టి మధ్యస్తంగా 26 డిగ్రీలు పెడితే ఇద్దరినీ సగం సగం కష్టపెట్టినట్టే. బొలీవియన్ రామ్, బొరెల్లీ కలుస్తాయి. నీలిరంగు రామ్, కాకటూయిడిస్ 27 దగ్గర కలుస్తాయి. ఇవన్నీ నేల చాలినంత ఉన్నప్పటి మాట. 90 సెంటీమీటర్లకి తక్కువైతే రెండు రకాల సిక్లిడ్లు కలపొద్దనే చెబుతాను.

ఇంకో మాట. వేడి ప్రభావం పిల్లల మీద కూడా ఉంటుంది. రోమర్, బైసెన్‌హెర్ట్స్ అనే పరిశోధకులు 37 రకాల అపిస్టోల్ని పరిశీలించి 1996లో ప్రచురించారు. చాలా రకాల్లో పిల్లలు ఎదిగే తొలి రోజుల్లో నీళ్ళు వేడిగా ఉంటే మగవి ఎక్కువ, చల్లగా ఉంటే ఆడవి ఎక్కువ అవుతాయి. రామ్ కోసం హీటర్ పెంచిన ట్యాంకులో పుట్టిన అపిస్టో పిల్లలు దాదాపు అన్నీ మగవే అయ్యాయని ఆశ్చర్యపోయేవాళ్ళకి కారణం ఇదే కావచ్చు.

ఇప్పుడు నేల ఎలా సర్దాలో చూద్దాం. నాకు చాలా ఇష్టమైన పని ఇది.

సన్న ఇసుక వేయండి, రెండు మూడు సెంటీమీటర్లు. గరుకు రాళ్ళు వద్దు. అపిస్టో నోటినిండా ఇసుక తీసుకుని, నమిలినట్టు ఆడించి, మొప్పల్లోంచి సన్నధారగా వదలడం దగ్గరగా చూడండి. రోజంతా దాని పని అదే. గులకరాళ్ళ ట్యాంకులో ఆ పని లేక అది ఊరికే నిలబడి ఉంటుంది. ఇసుక మీద ఎండిన బాదం ఆకులు నాలుగైదు పరవండి. నీళ్ళు లేత టీ రంగుకి వస్తాయి, పిల్లలకి దాక్కునే చోటు దొరుకుతుంది, ఆకు కుళ్ళేటప్పుడు పెరిగే సూక్ష్మజీవులు పిల్లలకి మేత కూడా.

గుహలు ఆడచేపల సంఖ్య కన్నా ఎక్కువ ఉండాలి. ద్వారం ఆడచేప పట్టేంతే, రెండు మూడు సెంటీమీటర్లు చాలు. మగది దూరలేకపోతే ఇంకా మంచిది. అన్నిటికన్నా ముఖ్యం, ద్వారాలు ఒకదానికొకటి ఎదురెదురుగా ఉండకూడదు. ఇల్లు ఇరుకైనప్పుడు ఒకరి మొహం ఒకరికి కనిపించకపోవడమే సగం శాంతి. ట్యాంకు సర్దడం అయ్యాక నేను మోకాళ్ళ మీద కూర్చుని, పక్క అద్దానికి కన్ను ఆనించి, ఇసుక మట్టంలో చూస్తాను. అవతలి అద్దం కనిపించిందంటే పని కాలేదన్నమాట. డ్రిఫ్ట్‌వుడ్ అడ్డం తిప్పుతాను, అనూబియాస్ మొక్క ఒకటి కడతాను, జావా ఫెర్న్ గుబురు జరుపుతాను, మళ్ళీ కూర్చుని చూస్తాను. మనం ఎదురుగా నిలబడి చూసే అందం వేరు, చేప కంటికి కనిపించేది వేరు.

రామ్‌కి గుహ అక్కర్లేదు. చదునైన రాయి మీద బయటే గుడ్లు పెడుతుంది, తల్లీ తండ్రీ ఇద్దరూ కాస్తారు. గుడ్లు రెండు మూడు రోజుల్లో పగులుతాయి. తర్వాత ఇసుకలో గుంటలు తవ్వి, పిల్లి తన పిల్లల్ని ఇళ్ళు తిప్పినట్టు, ఈదలేని ఆ పసివాటిని నోటితో ఒక గుంట నుంచి ఇంకో గుంటకి మారుస్తూ ఉంటాయి. ఈ తేడా గుర్తుంచుకోండి. రామ్ ఆరుబయటి మనిషి, అపిస్టో గదిలో మనిషి. పెద్ద ట్యాంకులో ఇద్దరూ కలవగలిగేది అందుకే. ఒక పక్క ఖాళీ ఇసుక, చదును రాయి. ఇంకో పక్క దుంగలు, గుహలు, ఆకులు. మధ్యలో దట్టంగా మొక్కల గోడ.

క్రిబ్ గురించి రెండు మాటలు. ఆడచేప పొట్ట చెర్రీ పండులా ఎర్రబడితే చూడ్డానికి కళ్ళు చాలవు. కానీ పిల్లలున్న క్రిబ్ జత మొత్తం నేలనీ తమదే అంటుంది, కాస్త పైన నీళ్ళని కూడా. 80 సెంటీమీటర్ల ట్యాంకులో అడుగున అవి ఒక్కటే ఉండాలి. ఇంకే సిక్లిడ్‌నీ వాటి పక్కన పెట్టొద్దు. టాంగన్యీకా సరస్సు నుంచి వచ్చే గవ్వ చేపల్ని కూడా వీటన్నిటితో కలపొద్దు. వాటికి గట్టి, క్షారపు నీళ్ళు కావాలి. అది వేరే సభలో మాట్లాడుకోవాల్సిన విషయం.

పైన ఈదే చేపల మాటకొస్తే, అవి అందం కోసమే అనుకోవద్దు. వాటికి ఒక పనుంది. సిక్లిడ్ పిరికి చేప. పైన చిన్న చేపల గుంపు నిశ్చింతగా తిరుగుతుంటే కొంగలాంటి శత్రువు ఎవరూ లేరని నమ్మి బయటికొస్తుంది. ఒంటరిగా పెట్టిన అపిస్టో వారాల తరబడి కనిపించదు. పది ఎంబర్ టెట్రాలు వేయగానే గంటలో బయటికొచ్చి తిరగడం నేను చాలాసార్లు చూశాను. 60 సెంటీమీటర్ల ట్యాంకుకి ఎంబర్ టెట్రాలు, పెన్సిల్ ఫిష్ బాగుంటాయి. వేడి రామ్ ట్యాంకులో నియాన్‌లకి బదులు కార్డినల్ టెట్రాలు వేయండి, నియాన్‌కి ఆ వేడి ఎక్కువ. కోరీలు వేయాలంటే ట్యాంకు పెద్దదై ఉండాలి. వేడికి స్టెర్బై కోరీ తట్టుకుంటుంది, పాండా కోరీకి కష్టం. టైగర్ బార్బ్‌లు వద్దు, రెక్కలు కొరుకుతాయి. ఏంజెల్ ఫిష్ కూడా సిక్లిడ్డే, పెరిగి పెద్దదవుతుంది. చిన్న ట్యాంకులో దానికి చోటు లేదు.

వేసే వరుస కూడా ముఖ్యమే. ముందు పైచేపలు, రెండు వారాల తర్వాత సిక్లిడ్లు. ముందు వచ్చినవాడికే ఇల్లంతా సొంతం అనిపిస్తుంది కాబట్టి సిక్లిడ్ చివర్న రావాలి.

ఇక ఎవరైనా ప్రశ్నలు అడగొచ్చు.

ప్రశ్న: అరవై సెంటీమీటర్ల ట్యాంకులో ఒక మగ కాకటూకి రెండు ఆడవి వేయొచ్చా? ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉండాలంటారు కదా?

సహజంగా అవి అలాగే బతుకుతాయి, నిజమే. కానీ ఇందాక చెప్పిన దినపత్రిక గుర్తు చేసుకోండి. రెండు ఆడవీ ఒకేసారి గుడ్లు పెడితే నేల చాలదు. బలహీనమైనది నలిగిపోతుంది. అరవైలో ఒకటికి ఒకటి చాలు. మగది ఆడదాన్ని వేధించకుండా పైన గుంపు ఉండాలి, దాక్కునే చోట్లు ఉండాలి, అవసరమైతే వెంటనే తీసి వేయడానికి ఇంకో చిన్న ట్యాంకు నీళ్ళతో సిద్ధంగా ఉండాలి. 90 సెంటీమీటర్లుంటే రెండో ఆడదాన్ని తెచ్చుకోండి. మగవి మాత్రం రెండు వద్దు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు.

ప్రశ్న: రెండు రకాల అపిస్టోలు?

చిన్న ట్యాంకులో వద్దండీ. చాలా రకాల ఆడచేపలు ఒకేలా ఉంటాయి, మనకే తేడా తెలియదు. మగవి కొట్టుకుంటాయి, దగ్గరి రకాలైతే సంకరం కూడా జరగొచ్చు. ఎక్కడో వాగులో వేల ఏళ్ళుగా విడిగా బతికిన రకాన్ని మన ట్యాంకులో కలిపేయడం నాకు మనస్కరించదు.

ప్రశ్న: రామ్‌ల జత ఎలా ఎంచుకోవాలి?

వీలైతే అయిదారు పిల్లల్ని పెంచి, వాటంతట అవి జతకట్టాక మిగతావి వేరేవాళ్ళకి ఇవ్వడం మంచి పద్ధతి. అంత చోటు లేకపోతే కొనే చోట పావుగంట నిలబడి చూడండి. రెండు చేపలు పక్కపక్కన నిలబడి మూడోదాన్ని తరుముతుంటే ఆ రెండే జత. ఆడదాని పొట్ట దగ్గర గులాబీ రంగు ఉంటుంది, ఒంటి మీది నల్లమచ్చలో నీలి చుక్కలు మెరుస్తుంటాయి. మగదాని వీపు రెక్కలో ముందు ముళ్ళు పొడుగ్గా ఉంటాయి. అన్నిటికన్నా రంగు మరీ ఎక్కువ మెరుస్తున్నదాన్ని కాకుండా, చురుగ్గా మేత తింటున్నదాన్ని తీసుకోండి.

ప్రశ్న: మా అపిస్టో పిల్లలు ఈదడం మొదలుపెట్టాయి. ఆర్టీమియా అనే రొయ్యలాంటి చిన్న ఉప్పునీటి జీవి పిల్లలే పెడుతున్నాను, తింటున్నాయి. కానీ రోజూ తెల్లవారేసరికి సగం తగ్గిపోతున్నాయి. టెట్రాలే తింటున్నాయా?

కొన్ని టెట్రాలు తింటాయి, అది తప్పదు. కానీ పగలు తగ్గకుండా రాత్రే తగ్గుతున్నాయంటే, లైటు ఎలా ఆపుతున్నారు? స్విచ్ ఒక్కసారి ఆపేస్తున్నారా? అదే అయ్యుంటుంది. వెలుగు తగ్గడం చూసి తల్లి పిల్లల్ని పోగు చేస్తుంది. పొట్ట కింది నల్ల రెక్కల్ని టపటపా ఆడిస్తుంది, ఒళ్ళు విదిలిస్తుంది. ఆ సైగకి పిల్లలన్నీ ఇసుకకి అతుక్కుని దాని వెనకే కదులుతాయి. దీనికి కాస్త సమయం కావాలి. ఒక్కసారి చీకటైపోతే పిల్లలు ఎక్కడివక్కడ ఉండిపోతాయి, తల్లికి కనిపించవు. ఇవాళ ట్యాంకు లైటు ఆపాక గది లైటు అరగంట ఉంచి, దూరంగా కూర్చుని చూడండి. గుంపంతా గుహలోకి వెళ్ళాక కూడా ఒకటో రెండో ఆకు మీద మిగిలిపోతాయి. తల్లి మళ్ళీ బయటికొచ్చి, వాటిని ఒక్కొక్కటిగా నోట్లోకి పీల్చుకుని, తీసుకెళ్ళి గుహ లోపల ఉమ్మేస్తుంది. అది మళ్ళీ బయటికి రావడం మానేసిందంటే లెక్క సరిపోయిందన్నమాట. అప్పుడు గది లైటు ఆపండి.